కాసినా పని మానలేదు, ముర్సితి పనిలో చేరలేదు

ముర్సితి పోయింది ఒక సోమవారం, పొద్దున పది కాకముందే.

అప్పటికి పద్నాలుగో బల్ల మీద తట్ట సగం నిండింది. ఆ బల్లకి వార్తిని చుట్టేది, ముర్సితి కత్తిరించేది. చెక్క మర మీద కాగితం పరిచి, లవంగం కలిపిన పొగాకు వేసి, వార్తిని ఒక్క గుంజు గుంజితే సిగరెట్టు అవతలికి దొర్లేది. రెండు కొసల్లో బయటికి పొడుచుకొచ్చిన పీచును ముర్సితి కత్తెరతో తీసేసేది. పద్దెనిమిదేళ్లు ఆ నాలుగు చేతులూ అలాగే నడిచాయి. ఒకరి వేగం తగ్గితే రెండో వాళ్లకి కూలి తగ్గుతుంది. అందుకని ఇద్దరూ ఒక్కసారే దగ్గడం, ఒక్కసారే నీళ్లు తాగడం కూడా నేర్చుకున్నారు.

ఆ రోజు ముందు తెలిసింది కత్తెర చప్పుడు ఆగిపోవడం. వార్తిని తల తిప్పేసరికి ముర్సితి బల్ల మీదికి ఒరిగిపోయి ఉంది. నుదురు పొగాకులో ఉంది.

"నీళ్లు! ఎవరైనా నీళ్లు తెండి!"

మేస్త్రీ సుగిమాన్ గబగబా వచ్చాడు. నీళ్లు తేలేదు. వంగి, ముర్సితి రవికెకి గుచ్చిన ఇత్తడి బిళ్ల విప్పి జేబులో వేసుకున్నాడు. ఊపిరి ఉందో లేదో అప్పటికింకా ఎవరూ చూడలేదు.

"వెనక గేటు నుంచి తీసుకుపోండి," అన్నాడు.

"వ్యాను ఉంది కదయ్యా. ఆసుపత్రికి..."

"వ్యాను కంపెనీ పనివాళ్లకి. ఈవిడెవరో నాకు తెలీదు."

'రెండు కొంగలు' సిగరెట్ల ఫ్యాక్టరీలో ఆ షెడ్డు పెద్దది. మూడు వందల పైచిలుకు ఆడవాళ్లున్నారు. ఆ మాట వినని వాళ్లు లేరు. విన్నవాళ్లు తలెత్తలేదు. వార్తినే ముర్సితి చంకల కింద చేతులు వేసి, ఇంకో ఇద్దరి సాయంతో వెనక గేటు దాటించింది. తొక్కుడు రిక్షా నది మీది వంతెన ఎక్కుతుండగా ముర్సితి చేయి ఆమె ఒళ్లోంచి జారింది. ఆ తరవాత ఆసుపత్రికి వెళ్లినా ఒకటే, వెళ్లకపోయినా ఒకటే.

ఆ బిళ్ల మీద నంబరు నాలుగు వందల పదిహేడు. పేరు కాసినా.

కాసినా ముర్సితికి అత్త. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ బల్ల దగ్గరే కూర్చుంది. చూపు మందగించాక మానేసింది. జావాలో సిగరెట్లు చుట్టే ఆ ఊళ్లో ఖాళీ అయిన చోటు ఖాళీగా ఉండదు. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి చోటుతో పాటే బిళ్లా వస్తుంది, కార్డూ వస్తుంది. మేస్త్రీకి ఒక కోడిపెట్ట, ఒక బిస్కెట్ల డబ్బా ఇచ్చుకుంటే చాలు. అందులో దొంగతనం ఉందని ఎవరూ అనుకోలేదు. తెలివే ఉందనుకున్నారు. కొత్త పేరు రాయిస్తే సర్వీసు ఒకటో ఏటి నుంచి మొదలవుతుంది. పాత పేరు మీద చేరితే పెద్దవాళ్ల ఏళ్లూ మన ఏళ్లూ కలిసి పింఛను పెద్దదవుతుంది. ఇదీ అందరి నమ్మకం. పింఛనుకీ జీవిత బీమాకీ అని వారం వారం కూలిలో కోత కోసి కంపెనీ తన సంక్షేమ నిధిలో వేసుకుంటోంది గనక, ఆ నమ్మకాన్ని ఎవరూ గట్టిగా పట్టి చూడలేదు.

ఆ మాట ముర్సితికి చెప్పింది వార్తినే. పద్దెనిమిదేళ్ల కింద, వంటింట్లో కూర్చుని. "కొత్త పేరు రాయించకే. అత్త ఏళ్లు ఎందుకు వదులుకుంటావ్?" అంది. వార్తిని బిళ్ల మీద ఉన్నది ఆమె తల్లి సుపర్మీ పేరు. సుపర్మీ చనిపోయి తొమ్మిదేళ్లు.

*

మూడో రోజు కాసినాని చేయి పట్టుకుని వార్తిని నిధి ఆఫీసుకి వెళ్లింది. ముర్సితి మొగుడు సుమత్రా తోటల పనికని పోయి ఏడేళ్లుగా జాడ లేడు. ఇంట్లో ఇక మిగిలింది ఈ ముసలామె, పదకొండేళ్ల మనవరాలు.

ఆఫీసరు హర్తోనో మెత్తని మనిషి. కోపం వచ్చినా గొంతు పెరగదు. లేచి నిలబడి ముసలామెకి కుర్చీ చూపించాడు.

"టీ తీసుకుంటారా అవ్వా?"

"టీ తరవాత. నా కోడలు పోయింది. దాని బీమా ఇప్పించు నాయనా."

"ఎంత కష్టం వచ్చింది. పేరు?"

"ముర్సితి."

రిజిస్టరు తీశాడు. వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాడు. "ముర్సితి అనే మనిషి మా దగ్గర పనిలో చేరలేదవ్వా."

"నాలుగు వందల పదిహేడు చూడండయ్యా," అంది వార్తిని.

"నాలుగు వందల పదిహేడు కాసినా."

"కాసినా అంటే నేనే," అంది ముసలామె.

హర్తోనో నవ్వాడు. "చాలా సంతోషం. మీరు నిక్షేపంలా ఉన్నారు. బతికున్న మనిషికి చావు బీమా ఎలా ఇస్తాం చెప్పండి?"

"సరే, బతికే ఉన్నా. డెబ్బై ఆరేళ్లు. పద్దెనిమిదేళ్ల కింద పని మానేశా. ఆ పింఛనన్నా ఇయ్యి."

ఆఫీసరు ఇంకో రిజిస్టరు తిప్పాడు. తొందర పడలేదు. "మీరు పని మానలేదవ్వా. మొన్న శనివారం దాకా మీ హాజరు ఉంది. పనిలో ఉన్నవాళ్లకి పింఛను ఉండదు."

కాసినా ఆయన కూర్చున్న వైపు మొహం తిప్పింది.

"నాయనా, నాకు కళ్లు సరిగా ఆనవు. నీ మొహం మసగ్గా ఉంది, అదొక మేలు. మొన్న శనివారం నేను కత్తెర పట్టానంటావా?"

"నేననడం లేదు. రిజిస్టరు అంటోంది."

"అయితే ఆ రిజిస్టరుని ఒక పూట మా ఇంటికొచ్చి నా మనవరాలికి అన్నం వండి పెట్టమను."

హర్తోనో నవ్వు ఆగింది. వార్తిని వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "పరాయి పేరు మీద పని చేయడం నేరం. తెలుసా? చనిపోయిన మనిషి మీద కేసు ఎందుకని మేం ఊరుకున్నాం. ఇంతకీ మీ బిళ్ల మీద పేరేంటి?"

వార్తిని బిళ్ల మీద చేయి అడ్డం పెట్టుకుంది. ఆయన టీ అక్కర్లేదని బంట్రోతుకి సైగ చేశాడు.

బయట వేపాకంత నీడ కూడా లేదు. కాసినా గోడ పట్టుకుని నిలబడింది.

"ఒక్క నంబరు పెట్టి ఇద్దర్ని మింగారే పిల్లా. నన్ను పని మాననివ్వలేదు. దాన్ని పనిలో చేరనివ్వలేదు."

"నేనే చెప్పానవ్వా." మూడు రోజులుగా దాచుకున్న మాట బయటికి వచ్చింది. "కొత్త పేరు రాయించకని దానికి నేనే చెప్పా."

ముసలామె ఓదార్చలేదు. తిట్టలేదు. "నువ్వు చెప్పావు. నీకు మీ అమ్మ చెప్పింది. మీ అమ్మకి ఎవరు చెప్పారో అది కనుక్కో ముందు," అంది.

*

ఐదో రోజు విదురి వచ్చింది.

విదురి నగరంలో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే పిల్ల. ఉద్యోగుల పింఛన్లు, జీవిత బీమా మీద ఏదో పెద్ద అధ్యయనం. ఆరు నెలల కింద వాళ్ల ప్రొఫెసరు పంపితే వచ్చి, వార్తిని ఇంట్లోనే పది రోజులు ఉండి, షెడ్డులో బల్ల బల్లకీ తిరిగి అరవై నాలుగు ప్రశ్నల ఫారం నింపుకుని వెళ్లింది. పక్కన సుగిమాన్ నిలబడేవాడు. ఆడవాళ్లు ప్రతిదానికీ అవుననే చెప్పారు. ఇంటికొచ్చిన పిల్ల, అలసిపోయి ఎండలో తిరుగుతున్న పిల్ల. ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని కాదు, లేదు, రాదు అని మొహాన చెప్పడం ఆ ఊళ్లో మర్యాద కాదు. పేరు అడిగితే బిళ్ల మీద పేరు చెప్పారు.

ఇప్పుడు ఆ అధ్యయనం పుస్తకమై వచ్చింది. విదురి సంబరంగా సంచిలోంచి తీసి చాప మీద పెట్టింది. లోపల ఒక ఫొటో. కత్తెర చేతిలో పట్టుకుని, తల కొంచెం వంచి, ముర్సితి. కింద అచ్చులో: కాసినా, కార్మికురాలు. సంక్షేమ నిధి పట్ల పూర్తి తృప్తి.

"ఈ కాపీ ఆవిడకే తెచ్చానక్కా. ఎక్కడున్నారు?"

వార్తిని చెప్పింది. నాలుగు వాక్యాల్లో చెప్పింది. బిళ్ల సంగతి, వెనక గేటు, వంతెన, నిధి ఆఫీసు.

విదురి పుస్తకం మూసేసింది. "మరి నాకు ఎందుకు చెప్పలేదు? నన్ను ఎందుకు మోసం చేశారక్కా?"

"మేస్త్రీని పక్కన పెట్టుకుని అడిగావు తల్లీ. ఏం చెబుతాం?"

"నూటికి తొంభై ఆరు మంది తృప్తిగా ఉన్నారని రాశాం. కంపెనీ ఆ పేజీని ఫ్రేం కట్టించింది కూడా."

"ఆ తొంభై ఆరు మందిలో చచ్చినవాళ్లు ఎంతమందో అడిగావా?"

విదురి ఏడ్చింది. వార్తిని ఏడవనిచ్చింది. కొంతసేపటికి ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, ప్రొఫెసరుకి ఉత్తరం రాస్తాననీ, వచ్చే ఏడు రెండో ముద్రణలో సవరిస్తారనీ అంది.

"వచ్చే ఏడా? ఈలోపు ఎంతమంది వెనక గేటు నుంచి పోవాలి?" వార్తిని గొంతు పెంచలేదు. "నీ సంచిలో ఖాళీ ఫారాలు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. కానీ అక్కా, పరిశోధనకి ఒక పద్ధతి ఉంటుంది. బయటివాళ్లు చేయాలి. లోపలివాళ్లు చేస్తే పక్షపాతం అంటారు."

"పక్షపాతమే. ముర్సితి పక్షం. ఇటివ్వు ఆ కట్ట."

కాసినానీ పిలుచుకుని ముగ్గురూ వంటింటి గచ్చు మీద కూర్చున్నారు. విదురి ప్రశ్న చదవడం, వార్తిని పెన్సిలుతో కొట్టేయడం. మీ భవిష్యత్తు గురించి మీకెంత భరోసా ఉంది? కొట్టేశారు. కంపెనీ సేవలకి ఎన్ని మార్కులు ఇస్తారు? కొట్టేశారు. చివరికి ఫారం వెనక తెల్లటి వైపు తిప్పి కొత్తగా నాలుగు రాసుకున్నారు. బిళ్ల మీద పేరేంటి? నీ పేరేంటి? బిళ్ల మీది మనిషి ఇప్పుడెక్కడ? ఆమెకి గానీ ఆమె వాళ్లకి గానీ పింఛనో బీమానో వచ్చిందా?

"ఐదోది రాయండి," అంది గోడకి చేరగిలబడ్డ కాసినా. "పాత పేరు మీదే చేరమని నీకు చెప్పింది ఎవరు?"

*

దేశం సైన్యం చేతిలో ఉన్న ఆ రోజుల్లో ఐదుగురు కలిసి కూర్చోవాలంటే సైనిక పోస్టు నుంచి అనుమతి కావాలి. చనిపోయినవాళ్ల ఏడో రోజు వంటకి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. పిలవకుండానే వీధి వీధంతా కత్తిపీటలు, కొబ్బరికాయలు పట్టుకుని వచ్చి వండిపెట్టి వెళ్తుంది. ఏడో రోజు ఆదివారం పడింది. పొద్దున్నే వంద మంది వచ్చారు. మధ్యాహ్నానికి కాసినా ఇంటి పెరడు, పక్కింటి పెరడు, ఆ వెనక సందు కూడా నిండిపోయాయి. ఉల్లిపాయలు తరిగేవాళ్లు, కొబ్బరి తురిమేవాళ్లు, చనిపోయినవాళ్ల పేరు మీద పంచే బియ్యప్పిండి రొట్టెలు కాల్చేవాళ్లు. అరిటాకుల కట్టల మధ్య ఫారాలు చేతులు మారుతున్నాయి. రాయడం వచ్చినవాళ్లు రానివాళ్లకి రాస్తున్నారు.

"నీ బిళ్ల మీది మనిషి ఎక్కడే?"

"మసీదు వెనక. మట్టి కింద."

"నీది?"

"మంచం మీద. నేను ఇంటికి రాగానే ఇవాళ నేను ఎన్ని చుట్టానే అని అడుగుతుంది మా అత్త."

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే పరిని వచ్చి నిలబడింది. షెడ్డులో ప్రభుత్వ కార్మిక సంఘం ప్రతినిధి ఆమె. దేశం మొత్తానికి సంఘం ఒక్కటే ఉండాలని చట్టం. ఆ ఒక్క సంఘానికీ మేనేజరు గది పక్కనే కుర్చీ.

"మీకు మతి పోయిందా వార్తినీ? ఈ కాగితాలు బయటపడితే కంపెనీకి ఏం కాదు. మనమే దొంగలమవుతాం. పరాయి పేరు మీద కూలి తీసుకున్నామని మనమే రాసిచ్చినట్టు అవుతుంది."

"నిజమే కదే," అంది జుమిరా. ఆమె మిరపకాయలు నూరుతోంది. "నావి ఇరవై ఏడేళ్లు. మా అమ్మవి ఇరవై. నా పేరు నేను చెప్పుకుంటే అవన్నీ సున్నా."

"నాకు నలభై తొమ్మిదేళ్లు పోగయ్యాయే," అంది కాసినా. "అవి ఏ మూట కట్టి ఇచ్చారో చూపించమంటావా? ఇల్లంతా వెతుక్కో పో."

అప్పుడే పెరటి దడి మీదుగా ఒక టోపీ కనిపించింది. సైనిక పోస్టు సార్జెంటు. ఫారాలు అరిటాకుల కిందికి పోయాయి. ఉల్లిపాయల చప్పుడు పెరిగింది.

"ఇంతమంది ఏంటి? అనుమతి ఉందా?"

"ఎవరది? గొంతు కొత్తగా ఉంది," అని కాసినా చేతులు ముందుకి చాచింది. "రా నాయనా, మా కోడలి ఏడో రోజుకి వచ్చావా? మగవాళ్లు ఒక్కరు లేక చస్తున్నాం. ఆ పన్నెండు కొబ్బరికాయలు తురమాలి. కూర్చో. చెప్పులు అక్కడ విప్పు."

తురుముపీట ఒకామె తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. చావింటికి వచ్చి పని ముట్టకుండా పోవడం ఎంత సార్జెంటుకైనా తల వంపే. ఒక కాయ సగం తురిమాడు. చొక్కా నిండా తెల్లటి పీచు పడింది. పొగకి కళ్లు తుడుచుకుంటూ, పోస్టులో పని ఉందని లేచాడు. సందు మలుపు తిరిగేదాకా ఎవరూ నవ్వలేదు.

నవ్వులు ఆగాక వార్తిని ఒక ఫారం తీసి పరిని ముందు పెట్టింది.

"నువ్వూ చెప్పు పరినీ. నీ బిళ్ల మీద పేరు?"

పరిని చాలాసేపు ఆ కాగితం వైపు చూసింది. "రుకాయా. మా అక్క. కాన్పులో పోయింది."

"బీమా వచ్చిందా?"

"లేదు."

"పాత పేరు మీదే చేరమని నీకెవరు చెప్పారు?"

పరిని ఆకులు తుడిచే గుడ్డ తీసుకుని అక్కర్లేని చోట తుడిచింది. చుట్టూ కత్తిపీటలు ఆగిపోయాయి.

"సుగిమాన్ తండ్రి అప్పట్లో మేస్త్రీ. ఆయన చెప్పాడు," అంది చివరికి. "నేను సంఘంలోకి వచ్చాక సుగిమాన్ కూడా చెప్పాడు. కొత్తగా వచ్చే ప్రతి పిల్లకీ ఈ మాట చెప్పు, వాళ్లకే మంచిది అని. ఆఫీసు నుంచి వచ్చిన మాట అన్నాడు. చెప్పాను. లెక్క పెట్టలేదు. ముప్ఫై మందికైనా చెప్పి ఉంటాను."

ఒకామె మెటికలు విరిచింది. వార్తిని వచ్చి పరిని పక్కన కూర్చుంది.

"నేను ఒక్కదానికే చెప్పా. అది పోయింది," అంది.

మధ్యాహ్నం తరవాత విదురి కాగితాలన్నీ కూడింది. అందరికీ వినపడేలా లేచి నిలబడింది. చదివింది. రెండు వందల ఎనభై మంది చెప్పారు. అందులో రెండు వందల యాభై ఒక్కరు వేరే పేరు మీద పని చేస్తున్నారు. ఆ పేర్లలో నూట ముప్ఫై తొమ్మిది చనిపోయినవాళ్లవి. పింఛను వచ్చినవాళ్లు లేరు. బీమా వచ్చినవాళ్లు లేరు.

"అంటే," అంది పిండి చేతులతో ఒకామె, "రోజూ పొద్దున ఆరింటికి నూట ముప్ఫై తొమ్మిది మంది చచ్చిన ఆడవాళ్లు మన షెడ్డుకి పనికొస్తున్నారన్నమాట."

"మనకన్నా టయానికి," అంది ఇంకొకామె. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పరిని వినతిపత్రం రాద్దామంది. కుర్రపిల్లలు సమ్మె అన్నారు. సమ్మె అంటే తెల్లారేసరికి గేటు బయట కొత్తవాళ్లు వరసలో నిలబడతారని పెద్దవాళ్లు అన్నారు. గొంతులు లేచాయి. పాత పగలు కూడా లేచాయి. ఎవరో ఎవరి కోడినో ఎత్తిచూపారు. వార్తిని వంట చెరుకు సర్దుతూ అంతా విన్నది. ఆమె ఎప్పుడూ పదిమందిలో మాట్లాడిన మనిషి కాదు.

"రేపు హాజరు పిలుస్తారు కదా," అంది. "మన పేరు చెబుదాం. అంతే. పని ఆపొద్దు. మర దగ్గరే కూర్చుందాం. ఎవరికి వాళ్లం మన పేరు చెబుదాం. వాళ్లు రాసుకోవాలి. రాసుకోకపోతే రాసుకునేదాకా చెబుదాం."

*

సోమవారం ఆరింటికి సుగిమాన్ హాజరు పుస్తకం తెరిచాడు. పద్నాలుగో బల్ల దాకా మామూలుగానే వచ్చాడు. మొదటి బల్లలవాళ్లు కుర్రపిల్లలు, సొంత పేర్లవాళ్లు.

"సుపర్మీ!"

వార్తిని లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"సుపర్మీ మా అమ్మ. తొమ్మిదేళ్ల కింద పోయింది. నా పేరు వార్తిని. ఈ బల్ల దగ్గర ఇరవై ఐదేళ్ల నుంచి చుడుతున్నా. రాసుకోండి."

సుగిమాన్ పెన్ను ఆగింది. "కూర్చో. వేళాకోళాలు వద్దు. సుపర్మీ, హాజరు."

"సుపర్మీ రాలేదు మేస్త్రీ. ఇక రాదు కూడా. వార్తిని వచ్చింది."

తరవాతి పేరు, కాసినా, ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. దాన్ని దాటేసి ఇంకో పేరు పిలవబోతుండగా ముందు గేటు దగ్గర గొడవ వినిపించింది. కాపలావాళ్ల చేతుల కింద నుంచి కర్ర తాటించుకుంటూ కాసినా వస్తోంది.

"ఎవర్రా ఆపేది? నేను పని మానలేదంట. మీ ఆఫీసరే చెప్పాడు. శనివారం దాకా వచ్చానంట. తరవాత నాగా పెట్టాను, కోత కోసుకోండి." తడుముకుంటూ వచ్చి ముర్సితి పీట మీద కూర్చుంది. అరచెయ్యి చాచింది. "కత్తెర ఇటియ్యి పిల్లా."

వార్తిని ఇచ్చింది.

సుగిమాన్ గొంతు చించుకుని పిలుస్తూ పోయాడు. పద్నాలుగు దగ్గర మొదలైంది పదిహేనుకి పాకింది. "అది మా అత్త పేరు. నా పేరు..." "మా పెద్దమ్మ, ఇంట్లో మంచాన ఉంది. నా పేరు..." ఒక్కొక్కరు లేచి చెబుతుంటే కొందరి గొంతు వాళ్లకే కొత్తగా ఉంది. పరిని వంతు వచ్చింది. రుకాయా అని పిలిచాడు. ఆమె తన పేరు చెప్పి, సంఘం గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి, కూర్చుంది. జుమిరా వంతు వచ్చింది. ఆమె నోరు తెరిచింది. మూసింది. తల్లి పేరుకే హాజరు పలికి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు.

ఎనిమిదింటికి మేనేజరు, హర్తోనో వచ్చారు.

"ఇన్నేళ్లు కంపెనీని మోసం చేశారు," అన్నాడు మేనేజరు. "ఒక్కొక్కరి మీదా కేసు పెట్టొచ్చు."

"పెట్టండయ్యా," అంది వార్తిని. "ఒక్క మనిషి పేరు మార్చి చెబితే మోసం. మూడు వందల మంది నలభై ఏళ్లు మీ కళ్ల ముందు మార్చి చెబితే అది మీ పద్ధతి. మీరే చెప్పించిన పద్ధతి. చెప్పించిన మనిషి పేరుతో సహా రాసుకున్నాం."

"ఎక్కడ రాసుకున్నారు?"

"మీరు ఫ్రేం కట్టించిన పరిశోధన ఫారాల మీదే. వెనక వైపు."

హర్తోనో మొదటిసారి గొంతు పెంచాడు. "ఆ కాగితాలు ఎక్కడ?"

జవాబు మనుషులు చెప్పలేదు. ఏదో ఒక బల్ల దగ్గర కత్తెర ఒకటి టక్కుమంది. పక్క బల్ల దగ్గర ఇంకొకటి. ఆ తరవాత నూట యాభై కత్తెరలు ఖాళీ గాలిని కత్తిరించాయి, ఒక్క వేగంతో. మేనేజరు పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినిపించడం లేదు. కాసినా కూడా కత్తిరిస్తోంది. ఆమె వేగం మిగతావాళ్ల కన్నా తక్కువేం కాదు.

తొమ్మిదిన్నరకి లారీలో సైనికులు దిగారు. షెడ్డు తలుపులు రెండూ మూసి, నాయకురాలు ఎవరని అడిగారు. మూడు వందల మంది మూడు వందల పేర్లు చెప్పారు, ఎవరి పేరు వాళ్లు. తుపాకీ మడమ తగిలి ఇద్దరికి పళ్లు రాలాయి. కాగితాలు దొరకలేదు. అవి అప్పటికే విదురి దగ్గర ఒక కట్ట, రొట్టెల పొట్లాల్లో చుట్టి ఊళ్లోని మిగతా రెండు సిగరెట్ల ఫ్యాక్టరీల పేటల్లో ఒక కట్ట ఉన్నాయి. వార్తినినీ పరినినీ లారీ ఎక్కించారు. గేటు దగ్గర ఆడవాళ్లు లారీకి అడ్డంగా కూర్చుంటే ఒక్కొక్కరినీ ఎత్తి పక్కన పడేయాల్సి వచ్చింది. దానికి గంటన్నర పట్టింది.

స్టేషన్లో గుమాస్తా టైపు మిషను ముందు కూర్చుని విసుగ్గా అడిగాడు.

"పేరు?"

"వార్తిని."

"పని?"

"సిగరెట్లు చుట్టడం. రెండు కొంగలు ఫ్యాక్టరీ. ఇరవై ఐదేళ్లు."

"పరాయి పేరు మీద పని చేశావని కంపెనీ ఫిర్యాదు. ఇన్నేళ్లు చేశావని ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. ఇరవై ఐదేళ్లు అని సరిగ్గా రాయండి. నా పక్కన ముర్సితి పద్దెనిమిదేళ్లు చేసింది. అదీ రాయండి."

"అడిగినదానికే చెప్పు," అన్నాడు గుమాస్తా. కానీ మొదటిది టైపు కొట్టాడు. వార్తిని కింద సంతకం పెట్టే ముందు రెండుసార్లు చదువుకుంది. ఆమె పేరూ ఆ ఫ్యాక్టరీ పేరూ ఒకే కాగితం మీద పడటం అదే మొదలు.

*

పదకొండు రోజులు లోపల ఉంచి, వారం వారం వచ్చి సంతకం పెట్టాలని చెప్పి వదిలిపెట్టారు. ఇద్దరికీ పని పోయింది. విదురిని విశ్వవిద్యాలయం నుంచి తీసేశారు. ఆమె వార్తిని ఇంట్లోనే ఉంటోంది. మూడో ఫ్యాక్టరీ పేటలో చావింటి వంటలకి ఐదు ప్రశ్నల కాగితాలు ఇప్పుడు అక్కడి ఆడవాళ్లే చేత్తో రాసుకుని తెచ్చుకుంటున్నారు.

ముర్సితి నలభయ్యో రోజుకి ఏడో రోజుకన్నా ఎక్కువమంది వచ్చారు. సార్జెంటు దడి అవతలే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

నిధి ఆఫీసు ఇప్పటికి ఎనభై ఆరు మంది పేర్లు మార్చి రాసింది. రాసినవాళ్లకి సర్వీసు ఒకటో ఏటి నుంచి మొదలుపెట్టింది. జుమిరాతో కలిపి ఇరవై తొమ్మిది మంది ఇంకా పాత పేరుకే పలుకుతున్నారు. మిగతావాళ్లు రాసుకునేదాకా సొంత పేరు చెబుతూనే ఉన్నారు. కాసినాకి పింఛను రాలేదు. ముర్సితి బీమా రాలేదు. ఆమె ఆ బల్ల దగ్గర పద్దెనిమిదేళ్లు పని చేసిందని కంపెనీ ఇంకా ఒప్పుకోలేదు.